ఇటలీ రాక్షసుడు, మన బొమ్మలమ్మ గుట్ట

ఆ మధ్య మా టీమ్‌లో ఒకతను ఓ ఫోటో ఫార్వర్డ్ చేశాడు. గడ్డం పెరిగిన ముసలి రాక్షసుడొకడు నీళ్ళ ఒడ్డున వంగి కూర్చున్నాడు. సగం మనిషి, సగం కొండ. గ్రాఫిక్స్ అనుకున్నా, కాదట. ఇటలీలో ఫ్లోరెన్స్ దగ్గర ప్రాతోలినో తోటలో ఉన్న విగ్రహం. అపెన్నైన్ పర్వతాలకి మనిషి రూపం ఇచ్చారన్నమాట. ఫ్రాంచెస్కో దె మెదిచి అనే ప్రభువు కోసం 1580ల్లో జాంబొలోన్యా అనే శిల్పి చేశాడు. ఎత్తు సుమారు 11 మీటర్లు. కడుపులో గదులున్నాయి. చేత్తో అదిమిపట్టిన జంతువు నోట్లోంచి నీళ్ళు పడే ఏర్పాటు కూడా ఉంది.

"మన దగ్గర ఇలాంటివి ఎక్కడ బాస్?" అన్నాడు. మాది కరీంనగర్. ఊరుకోబుద్ధి కాలేదు.

కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల అనే ఊరుంది. ఆ ఊరి బొమ్మలమ్మ గుట్ట మీద, బండరాతిలోనే చెక్కిన జైన దేవత చక్రేశ్వరి, జినుల బొమ్మలు ఉన్నాయి. సైజులో ఇటలీ పెద్దాయనతో పోటీ లేదు, ఒప్పుకుంటా. కానీ వాటితో పాటు ఓ శాసనం ఉంది చూశారూ, అసలు కథ అక్కడ ఉంది.

వేయించినవాడు జినవల్లభుడు. వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి ఆస్థానంలో ఉన్న కన్నడ ఆదికవి పంపడికి సొంత తమ్ముడు. కాలం సుమారు క్రీ.శ. 945. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో రాయించాడు. ఒకే ప్రోగ్రాముకి మూడు భాషల్లో డాక్యుమెంటేషన్ అన్నమాట! అందులో తెలుగు భాగం మూడు కంద పద్యాలు. నన్నయకి సుమారు వందేళ్ళ ముందు మా జిల్లా గుట్ట మీద కందం నడిచిందండీ. 2008లో తెలుగుకి ప్రాచీన హోదా వచ్చినప్పుడు ఈ శాసనం పేరు బాగానే వినిపించింది.

ఇంకో ముక్క. బొమ్మలు చెక్కించడంతో ఆగలేదట ఆయన. త్రిభువనతిలకమనే బసది, కవితాగుణార్ణవమనే చెరువు, మదనవిలాసమనే తోట కూడా ఏర్పాటు చేశాడని ఆ శాసనమే చెప్తుంది. కొండ, కొండలో బొమ్మలు, నీళ్ళు, తోట. ప్రాతోలినో సరంజామా అంతా మన దగ్గర ఆరువందల ఏళ్ళ ముందే ఉంది!

ప్రాతోలినోలో మెదిచీల భవనాన్ని 1820ల్లో కూల్చేశారు. పాత తోట రూపు మారిపోయింది. రాక్షసుడు మిగిలాడు. 1981లో ఫ్లోరెన్స్ ప్రావిన్స్ ఆ తోటని కొన్నది, 2013లో మెదిచి తోటలతో పాటు యునెస్కో జాబితాలోకి ఎక్కింది. రాయి గట్టిదే, కానీ దాన్ని పట్టించుకునే మనుషులు కూడా ఉండాలి కదా.

మన దగ్గర రాయే ప్రమాదంలో ఉంది. కరీంనగర్ గ్రానైట్‌కి విదేశాల్లో గిరాకీ. చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి చూసిన గుట్టలు కొన్ని ఇప్పుడు సగమే ఉన్నాయి. క్వారీ కూలి మీద బతికే ఇళ్ళున్నాయి, తెలుసు. అన్నీ మూసెయ్యమనట్లేదు. కానీ విడి విగ్రహమైతే మ్యూజియంలో పెట్టుకోవచ్చు, గుట్టకే చెక్కినదాన్ని ఎక్కడికి తీసుకెళ్తాం? గుట్ట పోతే బొమ్మా పోతుంది, పద్యమూ పోతుంది. దానికి బ్యాకప్ లేదు. అందుకే ఇలాంటి గుట్టల చుట్టూ కొంత మేర పేలుళ్ళు జరక్కుండా గీత గీయాలి, ఆ గీత ఎక్కడుందో ఊళ్ళో వాళ్ళందరికీ తెలియాలి.

సిగ్గుపడే సంగతి ఒకటి చెప్పి ముగిస్తా. కాలేజీ రోజుల్లో జగిత్యాల బస్సులో గంగాధర మీదుగా ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఒక్కసారీ దిగలేదు. మొన్న దసరాకి ఇంటికెళ్ళినప్పుడు మొదటిసారి ఆ గుట్ట ఎక్కా. శాసనంలో ఒక్క అక్షరం చదవలేకపోయా, కానీ అక్కణ్ణించి కదలబుద్ధి కాలేదు. అటువైపు వెళ్తే మీరూ ఓసారి దిగండి.