వేసవి శిబిరంలో పిల్లల ఇష్టం – దాని వెనుక ఉన్న చరిత్ర



ఈ ఎండాకాలం మన ఊరి బడి వరండాలో పిల్లల శిబిరం నడిపాము. పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదరకముందే పిల్లల్ని ఇంటికి పంపేవాళ్లం. మట్టిబొమ్మలు, తాటాకు అల్లిక, కథల పుస్తకాలు, క్యారమ్స్, పాటలు, విత్తనాల మడి అని ఆరు చోట్లు పెట్టాము. ఎవరు ఎక్కడ కూర్చోవాలో పిల్లలే తేల్చుకున్నారు. దీని మీద గ్రామ సంఘం మీటింగులో చాలా మాటలొచ్చాయి. "ఆడుకోడానికి శిబిరం ఎందుకు, ఎక్కాలు చెప్పించండి" అన్నారు కొందరు. "పిల్లలకేం తెలుసు, మనం చెప్పింది చెయ్యాలి గాని" అన్నారు ఇంకొందరు. వచ్చే ఏడు దీన్ని ట్యూషన్ చెయ్యాలా, ఇలాగే ఉంచాలా అన్నది ఇంకా తేలలేదు. అందుకే ఈ పద్ధతి ఎక్కడ పుట్టింది, మన దాకా ఎలా వచ్చింది అన్నది రాస్తున్నాను.

కూలివాళ్ల పేటలో మొదలు

ఇది డబ్బున్నోళ్ల పిల్లల కోసం పుట్టింది అనుకుంటాం. కాదు. ఇటలీ దేశంలో రోమ్ నగరంలో శాన్ లోరెంజో అని పేదల పేట ఉండేది. తల్లీ తండ్రీ పనికి పోతే చిన్నపిల్లలు మెట్ల మీద తిరుగుతూ గోడలు పాడు చేసేవారు. ఇళ్లు బాగుచేయించిన కంపెనీవాళ్లు ఒక లెక్క వేశారు. గోడల మరమ్మతుకి పెట్టే డబ్బుతో ఒక గది, ఒక మనిషిని పెట్టి పిల్లల్ని చూసుకోవచ్చు అని. ఆ పని మరియా మాంటిస్సోరి అనే డాక్టరమ్మకు అప్పజెప్పారు. 1907 జనవరి 6న ఆ గది తెరిచారు.

మొదట్లో ఆట సామాను బీరువాలో పెట్టి తాళం వేసి, టీచరే తీసి ఇచ్చేది. ఒకరోజు తాళం వెయ్యడం మర్చిపోయింది. ఆమె వచ్చేసరికి పిల్లలు ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుని పనిలో ఉన్నారు. టీచరు దొంగతనం అనుకుంది. డాక్టరమ్మ మాత్రం, వీళ్లకి ఏం కావాలో వీళ్లకి తెలుసు అనుకుంది. అప్పటినుంచి పిల్లల చేతికందే ఎత్తులో పొట్టి బీరువాలు పెట్టించింది.

అక్కడ కట్టుబాట్లు కూడా ఉన్నాయి. ఒక్కో వస్తువు ఒక్కటే ఉంటుంది. ఒకరి దగ్గర ఉంటే రెండోవాళ్లు ఆగాలి. అయిపోయాక తీసిన చోటే పెట్టాలి. తల్లులు పిల్లల్ని శుభ్రంగా పంపాలి, వారానికి ఒకసారైనా వచ్చి టీచరుతో మాట్లాడాలి. ఇష్టం అంటే ఇష్టారాజ్యం కాదన్నమాట.

మన దేశానికి వచ్చిన తీరు

గుజరాత్‌లో భావనగర్‌లో గిజుభాయి బధేకా అని ఒక వకీలు ఉండేవారు. తన కొడుకు చదువు గురించి ఆలోచిస్తూ మాంటిస్సోరి పుస్తకాలు చదివారు. వకీలు పని మానేసి 1920లో బాలమందిరం పెట్టారు. పిల్లలు ఆయన్ని మీసాల అమ్మ అని పిలిచేవారు. ఆయన రాసిన 'దివాస్వప్న'లో ఒక మాష్టారు నాలుగో తరగతి పిల్లలకి పాఠం బదులు కథలతో మొదలుపెడతాడు. తోటి మాష్టార్లు నవ్వుతారు. మన మీటింగులో వచ్చిన మాటలే ఆ పుస్తకంలోనూ ఉన్నాయి! అది తెలుగులో 'పగటికల' పేరుతో వచ్చింది.

1939లో మాంటిస్సోరి గారే మద్రాసు అడయారు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. అప్పటికి మన ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి.

గిజుభాయి దగ్గర పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్రలో బోర్డి అనే పల్లెకు వెళ్లారు. అనుతాయి వాఘ్ ఆమెకు తోడయ్యారు. బడికి రాని పేద పిల్లల కోసం వాళ్ల ముంగిళ్లలోనే బడి పెట్టారు. ఖరీదైన సామాను బదులు గవ్వలు, రాళ్లు, ఆకులు, గింజలు వాడారు. ఆంగన్ అంటే ముంగిలి. మన అంగన్‌వాడీ పేరులో ఉన్నది ఆ ముంగిలే. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ మొదలయ్యాక ఆ పేరు దేశమంతా పాకింది.

తెలుగువాళ్లలో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు పిల్లల చేతనే రేడియోలో పాడించారు, నాటకాలు వేయించారు. 1945లో 'బాల' పత్రిక తెచ్చారు. 1956లో ఢిల్లీలో నెహ్రూ గారి చొరవతో బాలభవన్ వచ్చింది. ఆ దారిలోనే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఏర్పడింది. అక్కడ పరీక్షలు లేవు. బొమ్మలు గీయాలా, పాడాలా, ఆడాలా అన్నది పిల్లల ఇష్టం.

మన శిబిరంలో చూసింది

వరండాలో ఆరు డబ్బాలు పెట్టాము. పొద్దున రాగానే ఒక్కొక్కరు ఒక చింతగింజ తమకు కావలసిన డబ్బాలో వెయ్యాలి. ఒక్కో చోట పదిమంది కంటే ఎక్కువ కాకూడదు. డబ్బా నిండితే రెండోది చూసుకోవాలి, విరామం తర్వాత మారొచ్చు. తాటాకు అల్లిక నేర్పింది పింఛను తీసుకునే ముసలమ్మలే.

ఐదో తరగతి పిల్ల ఒకతి రెండు రోజులు గింజ పిడికిట్లో పట్టుకుని నిలబడిపోయింది. ఇంట్లో చెల్లిని ఎత్తుకోవడం, నీళ్లు పట్టడం, ఎవరేం చెబితే అది చెయ్యడమే దానికి అలవాటు. నీకేం కావాలి అని ఎవరూ అడిగినట్టు లేదు. మూడో రోజు మట్టి డబ్బాలో వేసింది. తర్వాత రోజూ అక్కడికే పోయింది.

మన సంగతి కూడా అంతే కదా అక్కా. పొదుపు సంఘంలో చేరిన కొత్తలో తీర్మానం మీద "నువ్వేమంటావు" అని అడిగితే ఎంతమందిమి తల దించుకోలేదు? అడగ్గా అడగ్గా నోరు విప్పాము. ఆడపిల్లకి ఆ అడగడం పదేళ్లప్పుడే మొదలైతే మంచిదే కదా.

ఎక్కాలు వద్దు అనడం లేదు. కావాలంటే ఏడో డబ్బా లెక్కలది పెడదాం, గింజ వేసినవాళ్లు నేర్చుకుంటారు. మనం ఉపాధి పనికి పోయే ఆ మూడు గంటలు పిల్లలు చెరువు వైపు పోకుండా నీడన ఉంటారు. వచ్చే మార్చి మీటింగులో మూడు సంగతులు తీర్మానం చెయ్యమని కోరుతున్నాను: శిబిరం పిల్లల ఇష్టం మీదే నడవాలి, నేర్పే పెద్దమ్మలకు ఎంతో కొంత గౌరవ వేతనం ఇవ్వాలి, ప్రతి తల్లీ వారానికి ఒక రోజు వచ్చి తన బిడ్డ గింజ ఏ డబ్బాలో వేస్తుందో చూడాలి.

ఇట్లు,
గ్రామ సంఘం లీడరు