పొద్దున పోయి రాత్రికి రావడం: నగరి వాళ్ళ పట్నం ప్రయాణాలు



ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. రాజుల గురించి, యుద్ధాల గురించి రాసేంత చదువు నాకు లేదు. 1973లో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి, తాలూకా ఆఫీసులోను, 1985లో మండలాలు వచ్చాక మండలాఫీసులోను ఫైళ్ళు రాసి, 2008లో రిటైరైనవాణ్ణి. అయినా నాకు తెలిసిన చరిత్ర ఒకటుంది. మన నగరి వాళ్ళు తక్కువ ఖర్చులో ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకొని, పొద్దున రైలెక్కి పట్నం చూసి, రాత్రికి ఇల్లు చేరుకునే ఆనవాయితీ ఎలా వచ్చిందో, అదే రాస్తున్నాను. మనకు పట్నం అంటే ఒక్కటే, మద్రాసు. 1996లో చెన్నై అని పేరు మారినా మన నోట అది పట్నమే.

బట్ట కోసం పుట్టిన ఊరు

పట్నానికీ మన ప్రాంతానికీ సంబంధం రైలుతో మొదలైంది కాదు. 1639లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే అనే దొర కోట కట్టుకోవడానికి సముద్రపు ఒడ్డున ఇసుక నేల సంపాదించాడు. ఇచ్చినవాడు తెలుగు నాయకుడు దామెర్ల వెంకటాద్రి. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరు మీదనే చెన్నపట్నం అయింది. అప్పటికి విజయనగరపు చివరి రాజులు చంద్రగిరి, వేలూరుల నుంచి పాలిస్తున్నారు. అంటే పట్నానికి అనుమతి మన చంద్రగిరి దొరతనం వారిదే. కంపెనీ వాళ్ళు ఆ చోటు ఎంచుకోవడానికి ముఖ్య కారణం నేత బట్ట. చుట్టుపక్కల నేతగాళ్ళు ఎక్కువ, బట్ట చవక. రేవు కూడా లేని ఆ ఒడ్డున ఊరు లేచింది బట్ట కోసమే అంటే తప్పు కాదు.

ఇంకొక సంగతి. మన ఊరి కొండను ‘నగరి ముక్కు’ అంటాము. సుమారు 2,800 అడుగుల ఎత్తు. పాత గెజిటీర్లలో దీని ప్రస్తావన ఉంది. మద్రాసుకు వచ్చే ఓడల వాళ్ళకు సముద్రం మీద నుంచి ఈ కొండ కనిపించేదట, దాన్ని గుర్తు పెట్టుకొని ఒడ్డు తెలుసుకునేవారట. మన తాతలు సముద్రం చూడక ముందే సముద్రం మీదివాళ్ళు మన కొండను చూస్తూ వచ్చారన్న మాట.

రైలు వచ్చింది

అప్పట్లో నగరి నుంచి పట్నం పోవాలంటే ఎడ్లబండి లేకపోతే కాలినడక. సుమారు 100 కిలోమీటర్ల దారి. పొద్దున పోయి రాత్రికి రావడం కలలో మాట. దక్షిణ దేశంలో మొదటి రైలు 1856 జులై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచింది. 1861లో మద్రాసు రైల్వే కంపెనీ అరక్కోణం నుంచి వాయవ్యంగా మన వైపు పట్టాలు వేయడం మొదలుపెట్టింది. 1862కు అవి రేణిగుంట చేరాయి. 1871లో ఈ దారి రాయచూరు దగ్గర బొంబాయి దారితో కలిసింది. కంపెనీ చూసుకున్నది బొంబాయి–మద్రాసు వ్యాపారం. ఆ దారిలో మనం ఉండడం మన అదృష్టం. తిరుత్తణి, పొన్‌పాడి, నగరి, ఏకాంబరకుప్పం, వేపగుంట, పుత్తూరు అని స్టేషన్లు వచ్చాయి. దేశంలో ఎన్నో తాలూకాలకు రైలు కూత వినపడని కాలంలో మన నేతగాళ్ళు బట్టల మూట నెత్తిన పెట్టుకొని రైలెక్కారు.

హద్దులు మారాయి, రైలు మారలేదు

పూర్వం మనది ఉత్తర ఆర్కాటు జిల్లా, కార్వేటినగరం జమీను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారింట ప్రాణాలు విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ‘మద్రాసు మనదే’ అని మన పెద్దలు అరిచినా పట్నం మనకు రాలేదు. రాజధాని కర్నూలుకు పోయింది, 1956లో హైదరాబాదుకు పోయింది. మన వాళ్ళు మాత్రం కూతురి పెళ్ళికి చీరలన్నా, పెద్దాసుపత్రి అన్నా, సినిమా స్టూడియో చూడాలన్నా పట్నానికే పోయారు.

తరువాత పటాస్కర్ గారి తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. నిన్నటి దాకా మన జిల్లాలో ఉన్న తిరుత్తణి కొండకు ఆడికృత్తికకు పోవాలంటే పక్క రాష్ట్రానికి పోయినట్టయింది. రోడ్డు మీద చెక్‌పోస్టు వచ్చింది. పట్టాల మీద మాత్రం ఏ గేటూ పడలేదు.

నాయన వెంట, 1960

ఆ ఏడు ఎండాకాలం సెలవుల్లోనే నేను మొదటిసారి పట్నం చూశాను. నాకు పదేళ్ళు. మా నాయన మగ్గం నేసేవాడు. నెలకొకసారి, రెండుసార్లు పట్నంలో గోడౌన్ వీధి షావుకారికి బట్ట వేసి, డబ్బు తీసుకొని అదే రోజు రాత్రికి ఇల్లు చేరేవాడు. చిన్న మూట నా నెత్తిన పెట్టి, పెద్ద మూట ఆయన ఎత్తుకున్నాడు. ఏకాంబరకుప్పంలో పొగబండి ఎక్కాం. సెంట్రల్‌లో దిగేటప్పటికి నా తెల్లచొక్కా బొగ్గు రంగుకు వచ్చింది.

షావుకారు లెక్క చూసి డబ్బిచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. రైలుకు ఇంకా రెండు గంటలుంది. స్టేషన్ పక్కనే మూర్ మార్కెట్, దాని వెనక జంతుప్రదర్శనశాల. మన వాళ్ళు దాన్ని బతికిన కాలేజీ అనేవారు, ఎగ్మూరు మ్యూజియంను చచ్చిన కాలేజీ అనేవారు. బతికిన కాలేజీలో పులిని చూసి నేను అడిగాను, “సముద్రం యాడ నాయనా?”

“ఆ పక్కనే. నేనూ చూడలేదురా. బస్సెక్కి పోయి వచ్చేసరికి రైలు పోతుంది. రాత్రికి ఎవరింట పడుకుంటాం?”

అప్పటికి ఆయన పదిహేనేళ్ళుగా పట్నం పోతున్నాడు. బట్ట కోసం పుట్టిన ఊరికి బట్ట మోసిన మనిషి, సముద్రానికి కూతవేటు దూరం దాకా పోయి, ఎప్పుడూ గడియారం చూసుకొని వెనక్కి తిరిగాడు. ఆ మాట నా మనసులో పడిపోయింది.

అరవై రూపాయల ప్లాను, 1976

ఉద్యోగం వచ్చి, పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టాక 1976 మే నెలలో ఒక రెండో శనివారం అందరినీ పట్నం తీసుకుపోవాలని నిశ్చయించాను. అమ్మ, నాయన, నేను, నా భార్య, మా చెల్లెలు, ఇద్దరు పిల్లలు. అరవై రూపాయలు విడిగా కట్టి పెట్టాను. ఆఫీసులో టి.ఎ. బిల్లులు రాసి రాసి చేయి అలవాటైంది గదా, ఒక నోటుపుస్తకంలో పట్టిక గీశాను. రైలు టికెట్లు, సిటీ బస్సు, సోడా, పిల్లలకు బొమ్మ, ఇతరములు. చిన్నపిల్లలకు టికెట్టు లేదు కాబట్టి పెద్దవాడికి టికెట్టు వయసు రాకముందే పోవడం లాభమని కూడా రాసుకున్నాను. కూడు ఇంటి నుంచే. టిఫిన్ క్యారియర్‌లో పులిహోర, పెరుగన్నం, మరచెంబులో నీళ్ళు. పొద్దున బతికిన కాలేజీ, మధ్యాహ్నం చచ్చిన కాలేజీ, సాయంత్రం మెరీనా, తరువాత రైలు. కాగితం మీద నిమిషం తేడా లేదు.

రైల్లో నాయనకు నగరి ముక్కు సంగతి, ఓడల సంగతి చెప్పాను. “మన కొండనా?” అని రెండుసార్లు అడిగాడు.

కాగితం ప్రకారం ఏదీ జరగలేదు. కోతుల దగ్గరి నుంచి పిల్లలు కదలలేదు. మ్యూజియంలో అమరావతి శిల్పాల ముందు అమ్మ చెంపలు వేసుకొని నిలబడిపోయింది. మన కృష్ణా తీరం నుంచి తెచ్చిన రాళ్ళని చెబితే ఒక్కొక్కటే చూస్తానంది. బయటికి వచ్చేసరికి సాయంత్రమైంది. నోటుపుస్తకం తీసి చూశాను. సముద్రానికి పోతే రైలు అందదు.

నాయనే ముందు అన్నాడు. “సముద్రం ఇంకోసారి చూద్దాంలేరా. స్టేషన్‌కు పోదాం పద.”

దారి పొడుగునా మాట్లాడని అమ్మ అప్పుడు నా వైపు తిరిగి అంది. “ముప్పై ఏండ్లుగా మీ నాయన ఈ మాటే చెప్తా ఉండాడు. పోతే పోనీలేరా రైలు.”

బస్సెక్కి మెరీనాకు పోయాం. నాయన చెప్పులు విప్పి చేత పట్టుకొని, పంచె ఎగగట్టి, మోకాటి లోతు నీళ్ళలో నిలబడ్డాడు. చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. తరువాత వెనక్కి తిరిగి పడమటి వైపు చూశాడు.

“మన కొండ యాడ కనిపిస్తుందిరా?”

“ఇక్కడి నుంచి కనిపించదు నాయనా. ఓడ మీద లోపలికి పోవాల.”

“అట్లనా” అని మళ్ళీ సముద్రం వైపు తిరిగాడు.

రైలు పోయింది. రాత్రి ఇంకో బండిలో అరక్కోణం దాకా వచ్చి, ప్లాట్‌ఫారం మీద దుప్పటి పరుచుకొని, తెల్లవారి బండికి ఇల్లు చేరాం. ‘ఇతరములు’ పద్దు దాటిపోయింది. నేను వేసిన ప్లాన్లలో చెడిపోయినా మంచిదయినది అదొక్కటే. నాయన మళ్ళీ సముద్రం చూడలేదు. పోయేదాకా ఇంటికొచ్చిన వాళ్ళకందరికీ ఆ సాయంత్రం సంగతి చెప్పాడు.

తరువాతి కాలం

1980లలో మన దారిలో కరెంటు ఇంజన్లు వచ్చాయి, చొక్కాకు మసి తప్పింది. 1985 మే నెలలో మూర్ మార్కెట్ కాలిపోయింది. ఆ చోటనే లోకల్ రైళ్ళ స్టేషన్ కట్టారు. అదే ఏడు జంతుప్రదర్శనశాల వండలూరుకు మారింది. కాబట్టి బతికిన కాలేజీ ఇప్పుడు సెంట్రల్ పక్కన లేదు. ఎదురుగా ఉన్న పార్కు స్టేషన్‌లో లోకల్ రైలెక్కి పోవాలి. 1995లో చేపాక్ దాకా ఎత్తు మీద నడిచే రైలు వచ్చాక మెరీనా దగ్గరైంది. 2002లో బస్టాండు ప్యారీస్ నుంచి కోయంబేడుకు పోయింది. సెంట్రల్‌కు మెట్రో 2018లో వచ్చింది. ఇన్ని మారినా మన వైపు నుంచి పోయేవారికి ఊరి నడిమధ్యన దించేది రైలే.

మన పెన్షనర్లకు తెలిసిన బాధ ఒకటుంది. రైళ్ళలో వృద్ధులకిచ్చే రాయితీని 2020 మార్చిలో ఆపివేశారు. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో ఆడవారికి మొదలైన ఉచిత బస్సు ప్రయాణం రాష్ట్రం లోపలికే. పట్నం హద్దు దాటిన సంగతి. అయినా సాధారణ పెట్టెలో పోతే రైలుకు మించిన చవక ప్రయాణం లేదు.

మనవళ్ళను తీసుకుపోయేవారికి అనుభవం మీద మూడు మాటలు. ఒకటి, మ్యూజియంకు శుక్రవారం, వండలూరుకు మంగళవారం సెలవు, ఆ రోజులు వదలండి. రెండు, కూడు, నీళ్ళు ఇంటి నుంచి తీసుకుపోండి, ఖర్చు సగం అక్కడే తగ్గుతుంది. మూడు, ఒక్క రోజులో రెండు చోట్లకు మించి పెట్టుకోకండి, మొదటిది సముద్రం కానివ్వండి.

మన ఇళ్ళలో ‘ఇంకోసారి చూద్దాంలే’ అనేవారు ఒకరు తప్పక ఉంటారు. ఎక్కువ సార్లు అది ఇంటి ఇల్లాలే. వారిని ముందు రైలెక్కించండి. ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. అందులో సముద్రానికి అయిన బస్సు ఖర్చు కాలమ్‌లో నేను అంకె వేయడం మరచిపోయాను. ఆడిట్‌లో ఎవరూ అడగలేదు.