‘లాంటిది’ అన్న మాట తీసేస్తే

మాది హాలియా. నాగార్జునసాగర్ మాకు పక్కనే. 1955 డిసెంబర్ 10న ఆ డ్యామ్‌కి శంకుస్థాపన చేస్తూ నెహ్రూ దాన్ని దేశమంతా కడుతున్న కొత్త గుళ్లకు ప్రతీక అన్నాడు. ‘ఆధునిక దేవాలయాలు’ అన్న మాటను మేం జనరల్ నాలెడ్జ్ బిట్టుగా బట్టీ పట్టాం. అది ఒక అలంకారం అని ఏ టీచరూ చెప్పలేదు. అలంకారాలు తెలుగు పేపర్లో ఉండేవి, డ్యాములు సోషల్ పేపర్లో ఉండేవి.

‘డ్యామ్ గుడి లాంటిది’ అంటే ఉపమ. వెంటనే ‘ఏ విషయంలో?’ అని అడగొచ్చు. ఆ జవాబునే లాక్షణికులు సమానధర్మం అన్నారు. ‘డ్యామే గుడి’ అంటే రూపకం. భేదం మరుగున పడిన ఉపమే రూపకమని దండి కావ్యాదర్శంలో నిర్వచించాడు. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే మొదటిది రెండు విలువల్ని పోల్చడం, రెండోది ఒకదాని మీద ఇంకోదాన్ని రాసేయడం. అప్పుడు పాత విలువ పోతుంది.

సాగర్ దగ్గర పోయిన పాత విలువ ఏంటి? ఆ లోయ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. క్రీస్తు శకం 3, 4 శతాబ్దాల నాటి స్తూపాలు, విహారాలు, నిజం గుళ్లు కూడా అక్కడ ఉండేవి. మునక ఖాయమయ్యాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. కొన్ని కట్టడాల్ని కొండ మీదికి, అనుపుకి తరలించారు. మిగతావి నీళ్ల కిందికి వెళ్లాయి. ఏలేశ్వరం లాంటి ఊళ్లూ వెళ్లాయి. గుడి కోసం ఇల్లు వదిలితే అది త్యాగం. అక్కడ పరిహారం లెక్క అడిగితే అపచారంలా వినిపిస్తుంది. రూపకం చేసే పని అదే.

అలాగని అది ఉత్త అబద్ధమూ కాదు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ఎడమ కాలువ ఆయకట్టులో మెట్ట చేలు వరి మడులయ్యాయి. తొలి నీళ్లకు కొబ్బరికాయ కొట్టే రైతుకి ఆ కాలువ గుడే. కానీ అదే నల్లగొండ జిల్లాలో కాలువ అందని మర్రిగూడ, మునుగోడు వైపు జనం దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగారు. ఆ గుడి బయట నిలబడ్డవాళ్లు వాళ్లు.

నెహ్రూ ఆ మాట దగ్గరే ఆగిపోలేదు. 1958 నవంబర్‌లో ఇంజనీర్ల సభలో మాట్లాడుతూ భారీ కట్టడాల మోజుని జబ్బు అన్నాడు. ఒక రూపకాన్ని ఇంకో రూపకంతో సరిచేశాడు. బిట్ల పుస్తకాల్లోకి మాత్రం మొదటిదే ఎక్కింది.

అలంకారం అంటే నగ అనుకుంటాం, కావాలంటే తీసి పక్కన పెట్టొచ్చనుకుంటాం. ఈ నగ కింద ఒక లోయ ఉంది. అందుకే ఇప్పుడు ఏ ప్రాజెక్టునైనా ఎవరైనా గుడి, తల్లి, జీవనాడి అంటే ఆ మాట చివర ‘లాంటిది’ చేర్చుకుని చదువుతాను. ఏ విషయంలో, ఎవరికి అని అప్పుడు అడగడం కుదురుతుంది.