కొండమీద కాపురం

ఇల్లు మారడమంటే ఏమిటో ఇల్లాలిని అడగాలి. మగవారికి అది లారీ కిరాయి లెక్క. మనకి మాత్రం పోపులపెట్టె ఏ మూటలో చేరిందో, గాజుసామాను ఎన్ని ముక్కలై దిగుతుందో అన్న బెంగ. మూడేళ్లకోసారి బదిలీ వస్తేనే "అమ్మో!" అనుకుంటాం. అలాంటిది ఒక ప్రభుత్వం డెబ్బై ఏళ్లకు పైగా, ఏడాదికి రెండుసార్లు ఇల్లు మారిందంటే నమ్ముతారా?

అదే బ్రిటిష్ ఇండియా సర్కారు. చలికాలం మొదట్లో కలకత్తాలో, తర్వాత ఢిల్లీలో; వేసవి మొదలుకొని వానలు వెనకపట్టేదాకా సిమ్లాలో. 1864లో వైస్రాయి జాన్ లారెన్స్ ఈ ఏర్పాటును ఖాయం చేశాడు. కలకత్తాలో ఐదు రోజులు పట్టే పని సిమ్లాలో ఒక్క రోజులో అవుతుందని ఆయన వాదన. ఉక్కపోతలో పొయ్యిముందు నిలబడ్డవాళ్లకి ఆ వాదన అర్థం కాకపోదు. కాకపోతే మనకి వంటింటిని కొండమీదికి చేర్చే వీలు లేదు, ఆయనకి కచేరీని చేర్చే వీలుంది!

అంతకు నలభై ఏళ్ల ముందు అక్కడ చెప్పుకోదగ్గ ఊరే లేదు. దేవదారు అడవి, చిన్న చిన్న కొండపల్లెలు, అంతే. 1822లో కెనెడీ అనే కెప్టెన్ మొదటి పక్కా ఇల్లు కట్టుకున్నాడు. 1827లో గవర్నర్ జనరల్ ఆమ్‌హర్‌స్ట్ వచ్చి వేసవి గడిపి వెళ్లాడు. పెద్దవారు నడిచిన దారి కదా, మిగతావాళ్లూ వరస కట్టారు.

కలకత్తా నుంచి సిమ్లాకి వెయ్యి మైళ్లకు పైమాటే. కొండ అడుగునున్న కాల్కాకి రైలు వచ్చిందే 1891లో. అక్కణ్ణించి పైకి టాంగాలు, ఎడ్లబళ్లు, కూలీల వీపులు. ఫైళ్ల పెట్టెలు, గుమాస్తాలు, దొరసానుల గౌనులు అన్నీ అలాగే ఎక్కాయి, అలాగే దిగాయి. 1903లో చిన్న రైలు పడింది. 96 కిలోమీటర్ల దారిలో వందకు పైగా సొరంగాలు, ఎనిమిది వందలకు పైగా వంతెనలు! 2008లో దానికి యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది.

1888లో వైస్రాయికి మేడ తయారైంది. కట్టించిన ఇంజనీరు హెన్రీ ఇర్విన్. మైసూరు ప్యాలెస్ చూసినవారు ఆయన చేతిపని చూసినట్టే. మీట నొక్కగానే దీపం వెలగడం, ఆరడం లేడీ డఫరిన్‌కి భలే ముచ్చటగా ఉండేదట. అంత గొప్ప ఇంటావిడకీ స్విచ్చి ముందు చిన్నపిల్ల సంబరమే!

సంబరం సరే, బరువు ఎవరిది? మాల్ రోడ్డు మీద బండి నడిపే హక్కు వైస్రాయి, సర్వసేనాధిపతి, పంజాబు గవర్నరు, ఈ ముగ్గురికే. తక్కిన దొరసానులు రిక్షా ఎక్కేవారు. ఆ ఎత్తుపల్లాల్లో ఒక్కో రిక్షాకి నలుగురేసి మనుషులు. చుట్టుపక్కల కొండపల్లెల్లో "బెగార్" అని ఉండేది. మన వెట్టిచాకిరీకి అన్నగారన్నమాట. అధికారి వస్తున్నాడంటే పొలం వదిలి మూటలు మోయాలి. మగవాడు మూటతో పోతే ఆ పూట పొలంపని ఎవరి నెత్తిన పడుతుందో నేను వేరే చెప్పాలా?

దాన్ని ఎదిరించినవాడు ఒక అమెరికన్. పేరు శామ్యూల్ స్టోక్స్. 1904లో ఈ దేశం వచ్చి, కోట్‌గఢ్‌లో స్థిరపడి, ఆ ప్రాంతపు అమ్మాయిని పెళ్లాడాడు. ఆ కొండల్లో మేలురకం ఆపిల్ నాటించింది ఆయనే. జనాన్ని కూడగట్టి పోరాడితే, 1921లో అక్కడ వెట్టి ఆగింది. ఆ పండు తినేటప్పుడు ఈ సంగతి కూడా తలుచుకుందాం.

స్వాతంత్ర్యం వచ్చాక పంజాబు ప్రభుత్వం 1953లో చండీగఢ్ చేరేదాకా సిమ్లాలోనే తలదాచుకుంది. 1971లో హిమాచల్ పూర్తి రాష్ట్రమైంది, సిమ్లా దాని రాజధాని. వైస్రాయి మేడ రాష్ట్రపతికి వేసవి విడిదిగా దక్కితే, మన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు దాన్ని పండితులకు వదిలేశారు. 1965 నుంచి అది ఉన్నత విద్యా పరిశోధన సంస్థ. ఇల్లు వదులుకోవడంలోనూ ఒక అందం ఉంటుందనిపిస్తుంది నాకు.

ఇప్పుడు కొండెక్కేది ఫైళ్లు కాదు, మనలాంటి సంసారులు. 2011 లెక్కల్లోనే సిమ్లా జనాభా లక్షా డెబ్బై వేల దగ్గరికొచ్చింది. 2018 వేసవిలో నీళ్ల కోసం జనం బిందెలూ బకెట్లూ పట్టుకుని ట్యాంకర్ల దగ్గర బారులు తీరారు. 2023 ఆగస్టు వానలకి కొండచరియ విరిగి శివాలయం మీద పడితే, పూజకని వెళ్లినవాళ్లు ఇరవైమంది పోయారు.

చల్లని చోట బతకాలనుకోవడం తప్పని ఎవరంటారు? పెద్ద నగరం పొగ, రొద పడలేక పిల్లల్ని తీసుకుని కొండ ఊరికి పోదామనే ఇల్లాళ్లు ఇవాళ ఎందరో! వెళ్లండి. గది అద్దె ఎంత, బడి ఎంత దూరం అని ఎలాగూ అడుగుతారు. అడిగేటప్పుడే ఇంకో రెండు మాటలు కూడా అడగండి: కుళాయిలో నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయి, ఈ మేడ కింద మట్టి గట్టిదేనా అని. దొరలు ఆ మాట అడగలేదు, అక్టోబరు రాగానే దిగిపోయేవాళ్లు గనక. మనం దిగిపోయేవాళ్లం కాదు కదా!