తిరుపతి ఓటు: ఆడవాళ్లకు మిగిలిన ఉప ఎన్నికలు

అలిపిరి దగ్గర కొండకు పోయే ప్రతి బండినీ ఆపి వెతుకుతారు. మందు సీసా, సిగరెట్టు, మాంసం ఏదీ పైకి పోవడానికి వీల్లేదు. గేటు దాటితే సంపూర్ణ మద్యనిషేధం, గేటుకు ఈవల వీధివీధికీ మందు. తిరుపతి ఆడవాళ్లలో ఎక్కువమంది బతికేదీ, ఓటు వేసేదీ ఈవలే. ఈ ఊరి ఎన్నికల గురించి ఇప్పటిదాకా వచ్చిన రాతల్లో సినిమా హీరోలుంటారు, కులాల లెక్కలుంటాయి, కొండ దేవుడి ప్రస్తావన తప్పకుండా ఉంటుంది. క్యూలో సగానికి పైగా నిలబడిన ఆడవాళ్లు మాత్రం 'మహిళా ఓటర్లు' అనే ఒక్క మాటలో సర్దుకుపోవాలి. అదే చరిత్రను వాళ్ల వైపు నుంచి చూస్తే ఏం కనిపిస్తుందో చూడాలనిపించి ఇది రాస్తున్నాను.

తిరుపతి ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అక్కడి శాసనమండలి 1921లోనే స్త్రీలకు ఓటు హక్కు ఇస్తూ తీర్మానించింది. దేశంలోనే ముందు వరసలో ఉన్నామని మనం గొప్పగా చెప్పుకుంటాం కానీ, ఆ ఓటు ఆస్తీ పన్నూ ఉన్నవాళ్లకే. ఆస్తి పుట్టింట్లో అన్నదమ్ముల పేరిట, మెట్టినింట్లో భర్త పేరిట ఉన్నప్పుడు ఎంతమంది ఆడవాళ్లకు ఆ ఓటు అందుతుంది? 1935 చట్టం ఇంకాస్త ఉదారంగా, ఓటున్న మగవాళ్ల భార్యలకు కూడా ఓటు ఇచ్చింది. అంటే పెళ్లి ఒక అర్హత అయింది! స్వతంత్రం వచ్చాక 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో దేశం మొత్తం మీద దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితాల్లోంచి కొట్టేశారు. వాళ్లు తమ సొంత పేరు చెప్పకుండా ఫలానా వాడి భార్య, ఫలానా వాడి తల్లి అని రాయించుకున్నారు కాబట్టి. ఇది ఎక్కువగా ఉత్తరాదిలో జరిగింది. మన దగ్గర మొగుడి పేరు నోటితో పలకకూడదన్న ఆచారం ఉంది, అక్కడ తమ పేరు చెప్పని ఆచారం. రెండూ ఒక ఇంటి పిల్లలే.

ఆ మొదటి ఎన్నికల్లో తిరుపతి నుంచి లోక్‌సభకు పోయినవాడు మాడభూషి అనంతశయనం అయ్యంగార్. 1956లో లోక్‌సభ స్పీకర్ అయ్యాడు. పెద్ద చదువు, స్వాతంత్ర్యోద్యమం, కాంగ్రెస్ పేరు, వీటికే ఆనాటి ఓటు. 1962 నుంచి తిరుపతి లోక్‌సభ స్థానం షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయింది. అప్పటినుంచీ చాలాకాలం కాంగ్రెస్‌దే. ఎమర్జెన్సీ తర్వాత 1977లో దేశమంతా ఇందిరను ఓడిస్తే రాష్ట్రంలో 42 స్థానాలకు 41 కాంగ్రెస్‌కే వచ్చాయి, తిరుపతి కూడా అందులోనే. అసెంబ్లీకి మాత్రం ఊరు అంత విధేయంగా లేదు, ఇండిపెండెంట్లను కూడా గెలిపించింది.

మద్యం సంగతి ఆంధ్రలో మొదటినుంచీ ఓటుతో ముడిపడే ఉంది. 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం కూలిపోయింది మద్యనిషేధం గొడవ మీదే. 1955 ఎన్నికలు అలా వచ్చాయి. ఆ గొడవలో మాట్లాడినవాళ్లంతా మగవాళ్లే, తాగినవాళ్లూ వాళ్లే అనుకోండి.

1983 జనవరిలో అంతా తలకిందులైంది. ఎన్.టి. రామారావు గుడివాడతో పాటు తిరుపతిలో పోటీ చేసి రెండుచోట్లా గెలిచాడు. అమెరికాలో అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నట్టు, అభ్యర్థి ఎవరైనా ఒక్క మనిషి ముఖం చూసి వేసే ఓటు మన రాష్ట్రంలో అప్పుడే మొదలైంది. తెరమీద వేంకటేశ్వరుడిగా చూసిన మనిషికి వేంకటేశ్వరుడి ఊళ్లో ఓటు పడడంలో వింతేముంది అని చాలామంది తేల్చేస్తారు. నాకు ఆ వివరణ చాలదు. ఆ ముఖం వెనక కిలో రెండు రూపాయల బియ్యం ఉంది. రేషన్ కార్డు పట్టుకుని నిలబడేది ఇంట్లో ఎవరో అందరికీ తెలుసు. అదే ఏడాది తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పెట్టారు. తర్వాత రెండు మూడేళ్లకు ఆడపిల్లలకు ఆస్తిలో సమాన వాటా చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని ఎన్ని కుటుంబాలు సంతకాల కాగితాలతో దాటేశాయో వేరే కథ. అయినా ఎమ్మెల్యేకి వేసిన ఓటుకు ఫలితంగా చదువు, ఆస్తి అనే మాటలు ఆడవాళ్లకు వినిపించడం ఈ ఊళ్లో అదే మొదలు.

రామారావు గుడివాడను ఉంచుకుని తిరుపతిని వదిలేశాడు. ఉప ఎన్నికలో తెలుగుదేశం కత్తుల శ్యామలను నిలబెట్టింది, ఆమె గెలిచింది. తిరుపతికి ఒక మహిళ ఎమ్మెల్యే అయింది ఆయన ఖాళీ చేసిన కుర్చీలో. 1985లో రాష్ట్రమంతా తెలుగుదేశం ఊపులో ఉన్నా తిరుపతి కాంగ్రెస్ తరఫున మబ్బు రామిరెడ్డిని గెలిపించింది. ముఖం చూసి వేసిన ఓటు ఆ ముఖం ఊళ్లో లేకపోతే నిలవదని రెండేళ్లలోనే తేలిపోయింది.

తర్వాతి పెద్ద మలుపు సారా ఉద్యమం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆ గాలి తిరుపతికి దూరపు మాట కాదు. లోక్‌సభ ఓటులో తిరుపతితో కలిసి ఉన్న గూడూరు, వెంకటగిరి, సూళ్లూరుపేట అప్పట్లో నెల్లూరు జిల్లావే. సారా పాటలు ఆపేసిన ఆడవాళ్ల కోపాన్ని 1993లో కాంగ్రెస్ ప్రభుత్వం సారా నిషేధంతో చల్లార్చాలని చూసింది. రామారావు సంపూర్ణ నిషేధం ఇస్తానన్నాడు. 1994లో తిరుపతి మళ్లీ తెలుగుదేశానికి వెళ్లింది. 1995 జనవరిలో నిషేధం వచ్చింది, 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది. ఇక్కడ స్త్రీవాదులుగా మనకు ఇబ్బంది కలిగించే ఒక నిజం ఉంది. నిషేధాన్ని తీసేసిన పార్టీనే 1999లో తిరుపతి మళ్లీ గెలిపించింది. అప్పటికి డ్వాక్రా సంఘాలొచ్చాయి, దీపం పథకం కింద గ్యాసు పొయ్యిలొచ్చాయి. ఊదుగొట్టంతో కళ్లు పోగొట్టుకున్న మనిషి గ్యాసుపొయ్యికి ఓటేస్తే తప్పు పట్టే అర్హత నాకు లేదు. కానీ ఒకప్పుడు కలెక్టరాఫీసుల ముందు కూచుని అడిగిన ఆడవాళ్లు అక్కడినుంచి 'లబ్ధిదారులు' అయ్యారు.

2003 అక్టోబరు 1న బ్రహ్మోత్సవాలకు కొండకు పోతున్న ముఖ్యమంత్రి చంద్రబాబు కాన్వాయ్‌ని అలిపిరి దగ్గర మందుపాతరలతో పేల్చారు. ఆయన గాయాలతో బయటపడ్డాడు. నవంబరులో అసెంబ్లీ రద్దు చేసి ఎన్నికలకు పోయారు. సానుభూతి వస్తుందని లెక్క. ఆ యేళ్లలో కరువు ఎట్లుండిందో రాయలసీమలో ఎవరినడిగినా చెప్తారు. కళ్యాణి డ్యాం అడుగంటితే తిరుపతిలో నీళ్ల ట్యాంకరే గతి. మా చిన్నమ్మ బిందె పట్టుకుని లైన్లో నిలబడే, "ఆయప్ప బతికినాడు, సంతోషం. నీళ్లెప్పుడొస్తాయో అది చెప్పండి" అనేది. 2004లో పేలుడు జరిగిన ఊళ్లోనే తెలుగుదేశం ఓడిపోయింది. కాంగ్రెస్ నుంచి ఎం. వెంకటరమణ గెలిచారు.

2008 ఆగస్టు 26న చిరంజీవి తిరుపతిలోనే ప్రజారాజ్యం పేరు ప్రకటించాడు. 2009లో ఇక్కడ పదిహేను వేల పైచిలుకు మెజారిటీతో గెలిచాడు, సొంత ప్రాంతం పాలకొల్లులో ఉషారాణి అనే మహిళ చేతిలో ఓడిపోయాడు. పార్టీని కాంగ్రెస్‌లో కలిపి 2012లో రాజ్యసభకు వెళ్లిపోయాడు. మళ్లీ ఉప ఎన్నిక. భూమన కరుణాకరరెడ్డి వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి గెలిచారు. 2014లో తెలుగుదేశంలోకి వచ్చిన వెంకటరమణ గెలిచి, ఆ డిసెంబరులోనే చనిపోయారు.

2015 ఫిబ్రవరి ఉప ఎన్నిక గురించి కాస్త ఆగి చెప్పాలి. వెంకటరమణ భార్య సుగుణమ్మ తెలుగుదేశం అభ్యర్థి. సంప్రదాయం పేరుతో వైఎస్సార్ కాంగ్రెస్ పోటీ పెట్టలేదు. కాంగ్రెస్ శ్రీదేవి అనే మహిళను నిలబెట్టింది. సుగుణమ్మ లక్షా పదహారు వేల మెజారిటీతో గెలిచారు. పత్రికలు అన్నీ సానుభూతి అన్నాయి, నిజమే. విధవరాలికి ఊరు పసుపుకుంకాల బదులు ఇచ్చే సారె అది. అసలు పరీక్ష 2019లో వచ్చింది. వైఎస్సార్ కాంగ్రెస్ 151 స్థానాలు గెలిచిన ఎన్నిక. దశలవారీ మద్యనిషేధం, అమ్మఒడి, అన్నీ ఆడవాళ్లకే అన్న మాటతో వచ్చిన ఊపు. చిత్తూరు జిల్లాలో 14లో 13 వాళ్లవే, కుప్పం ఒక్కటే మిగిలింది. ఆ వరదలో సుగుణమ్మ ఓడిపోయింది 708 ఓట్ల తేడాతో. అందరూ ఆమెను ఓడినవాళ్ల లెక్కలో వేసేశారు. ఆ 708 ఆమె సొంతంగా సంపాదించుకున్న అంకె అని నేనంటాను. ఎందుకంటే అందులో సానుభూతి లేదు. 2024లో పొత్తులో భాగంగా సీటు జనసేనకు పోయింది. చిత్తూరు నుంచి వచ్చిన ఆరణి శ్రీనివాసులు నిలబడి, భూమన కొడుకు అభినయ్‌రెడ్డి మీద అరవై వేల పైచిలుకుతో గెలిచారు. మగవాళ్లకు ఊరు మారినా, తరం మారినా టికెట్టుంది.

ఊరి ఆడవాళ్లు ఓటెయ్యరు అంటారా? పక్కనే చంద్రగిరిలో గల్లా అరుణకుమారి 1989, 1999, 2004, 2009ల్లో నాలుగు సాధారణ ఎన్నికలు గెలిచింది. ఆ నియోజకవర్గం తిరుపతి ఊరి చివర నుంచే మొదలవుతుంది. రాజకీయ కుటుంబపు కూతురే, సరే. టికెట్టిస్తే గెలుస్తారన్నదానికి ఇంతకంటే రుజువేం కావాలి? 2007లో కార్పొరేషన్ అయిన తిరుపతికి మొదటి ఎన్నికలు జరగడానికి పద్నాలుగేళ్లు పట్టింది. 2021 మార్చిలో డాక్టర్ శిరీష మొదటి మేయర్ అయ్యారు. అక్కడ చట్టం సగం సీట్లు ఆడవాళ్లకని చెప్పింది కాబట్టి.

నెల తిరక్కుండానే లోక్‌సభ ఉప ఎన్నిక. పరాయి ఊళ్ల మనుషులు తిరుపతి ఓటరు కార్డులతో బస్సుల్లో దిగారని గొడవ. వాళ్లు దర్శనానికొచ్చిన భక్తులని అధికార పార్టీ జవాబు. యాత్రికుల ఊరికి ఇదొక సౌకర్యం, ఎవరైనా భక్తులే! కార్డుల వ్యవహారంలో 2024 జనవరిలో అధికారి సస్పెండ్ అయ్యాడు. ఆ ఎన్నికలో తెలుగుదేశం అభ్యర్థి పనబాక లక్ష్మి, 2019లోనూ ఆమే. నెల్లూరు, బాపట్ల నుంచి ఎంపీగా గెలిచి కేంద్రంలో మంత్రిగా చేసిన దళిత మహిళ ఇక్కడ రెండుసార్లూ ఓడిపోయింది.

2024లో మరో విచిత్రం. తిరుపతి లోక్‌సభ కింద ఉన్న ఏడు అసెంబ్లీ స్థానాలూ కూటమికి వెళ్లాయి, లోక్‌సభ మాత్రం వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి గురుమూర్తి గెలిచాడు. ఒకే గదిలో, రెండు మిషన్ల మీద, వేల మంది రెండు వేర్వేరు గుర్తులు నొక్కారు. బీజేపీ అభ్యర్థికి వెయ్యడానికి ఇష్టం లేక కొందరు, వేరే కారణాలతో కొందరు. అందులో ఆడవాళ్లెంతమందో ఏ లెక్కా చెప్పదు కానీ, మొగుడు చెప్పిన చోట గుద్దుతారన్న పాత మాట ఇక్కడ ఎట్లా అతుకుతుందో ఆ మాట అనేవాళ్లే చెప్పాలి.

చట్టసభల్లో మూడో వంతు స్త్రీలకు అన్న చట్టం 2023లో వచ్చింది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని అందులోనే రాసుకున్నారు. ఎస్సీ స్థానాల్లోనూ మూడో వంతు ఆ కులాల స్త్రీలకే అని కూడా రాశారు. తిరుపతి లోక్‌సభ స్థానం రిజర్వు అయ్యి అరవై ఏళ్లు దాటింది. చింతా మోహన్ ఒక్కడే ఈ పార్టీ ఆ పార్టీ మీద అరడజను సార్లు గెలిచాడు. దళిత స్త్రీ ఒక్కసారి కూడా గెలవలేదు.