మార్కుల పట్టీలో లేని గడి



ఆరో తరగతో, ఏడో తరగతో చదువుకునే పిల్లలున్న తల్లులతో ఈవేళ కాసేపు కబుర్లు చెప్పుకోవాలని వచ్చాను. చరిత్ర చెప్పే ముందు నా ఇంటి ముచ్చట ఒకటి చెబుతాను. అది నాకేమీ గొప్ప తెచ్చే ముచ్చట కాదు సుమండీ!

ఇరవయ్యేళ్ళ కిందటి మాట. మా అమ్మాయి ఏడో తరగతి. క్లాసులో ఫస్టు రాంకు దానికీ, ఇంకో పిల్లకీ మధ్య ఊగుతూ ఉండేది. అర్ధసంవత్సర పరీక్షల ముందు ఆ రెండో పిల్లకి టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు బడికి రాలేదు. వచ్చాక మా అమ్మాయిని నోట్సు అడిగిందట. "ఇమ్మంటావా అమ్మా?" అని ఇది నన్నడిగింది. నేను పప్పులో పోపు పెడుతూ, వెనక్కి తిరగకుండానే, "పరీక్షలయ్యాక ఇద్దువుగానిలే" అన్నాను. అంతే. మా అమ్మాయికి ఫస్టు వచ్చింది. నేను ఇరుగు పొరుగులకి మైసూరుపాకు పంచాను. అది మాత్రం ముక్క ముట్టలేదు. రాత్రి పడుకునేటప్పుడు చెప్పింది, "పుస్తకం ఇంట్లో మర్చిపోయానని చెప్పానమ్మా. నా సంచీలోనే ఉంది" అని.

చూశారా! రాంకు దానికి వచ్చింది, అబద్ధం కూడా వచ్చింది. మొదటిది మేష్టారు ఇచ్చారు. రెండోది నేనిచ్చాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, ఆ మతి పోయింది పిల్లది కాదు, నాది. అప్పట్నించీ, ఈ మొదటి స్థానం పిచ్చి మన చదువుల్లోకి ఎక్కణ్ణించి వచ్చింది, మంచితనానికి బడిలో చోటెక్కడ ఉండేది అని పాత పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను.

"మన పూర్వపు వీధిబళ్ళలో అంతా నీతే, రాంకులెక్కడివి?" అని మీరనవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో మన బళ్ళ వివరాలు రాసి పంపమని కలెక్టర్లకు ఉత్తరువిచ్చాడు. బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823లో జవాబు పంపాడు. ఆ రోజుల్లో బళ్ళారి జిల్లా అంటే ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉండేది. తెలుగు, కన్నడ బళ్ళు రెండూ ఉండేవి. మొత్తం 533 బళ్ళు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలెందరో ఊహించండి. అరవై మంది! మన ముత్తవ్వలకు ఫస్టు రాంకు బెంగ లేకపోవడానికి అసలు కారణం అదీ.

ఆయన రాసిన ఒక ముచ్చట వినండి. పొద్దున్నే బడికి అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు, మెచ్చుకోలూ లేదు, చీవాట్లూ లేవు అని. మూడోవాడికి చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు దెబ్బలు, ఆ తర్వాత వచ్చినవాడికల్లా ఒక్కొక్క దెబ్బ ఎక్కువ. కాబట్టి వరస కట్టడం దొరలు తెచ్చిందేమీ కాదు. మన అరుగుల మీదే ఉంది. నీతి పద్యాల సంగతికి వస్తే, పిల్లలు కంఠతా పట్టే పద్యాలకు అర్థం చాలాచోట్ల చెప్పే పంతులుకే తెలియదని కూడా ఆయన రాశాడు. నీతి నోట్లో ఉన్నంత మాత్రాన నడవడిలోకి దిగదు కదా!

అయితే ఆ బళ్ళలో ఆయన మనస్ఫూర్తిగా మెచ్చుకున్నది ఒకటుంది. ఇసుకలో అక్షరాలు దిద్దుకునే పసివాళ్ళకు కాస్త పెద్దపిల్లలు పాఠం చెప్పడం. తనకు వచ్చింది పక్కవాడికి చెప్పడం, చెబుతూ తాను మళ్ళీ నేర్చుకోవడం. మద్రాసులో సైనికుల అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్ అనే ఆయన కూడా ఇలాంటి పద్ధతినే నడిపి, 1797లో దాని మీద పుస్తకం వేశాడు. ఇంగ్లండులో దానికి "మద్రాసు పద్ధతి" అనే పేరు పడింది. అంటే మన వీధిబడిలో బెత్తమూ ఉంది, చెయ్యి పట్టి దిద్దించడమూ ఉంది. ఏది ఉంచుకుని ఏది వదిలేయాలన్నదే ప్రశ్న.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో విశ్వవిద్యాలయాలు వెలిశాయి. మెట్రిక్యులేషను పరీక్ష వచ్చింది. ఆ పరీక్ష గట్టెక్కితే గుమాస్తా ఉద్యోగం, ఉద్యోగంతో పాటు పరువు. మన రాజధానిలో చాలా బళ్ళకు పిల్లల పరీక్షా ఫలితాలను బట్టి సర్కారు గ్రాంటు ఇచ్చే పద్ధతి కూడా నడిచింది. ఇన్‌స్పెక్టరు వచ్చి ప్రశ్నలు వేస్తాడు. పిల్లలు జవాబు చెబితే బడికి డబ్బు, పంతులుకి పేరు. పిల్లవాడి చదువు పంతులుగారి కంచంలో అన్నం ముద్ద అయిపోయింది. ఇక మంచితనాన్ని ఎవరు చూస్తారు, దానికి గ్రాంటు లేదాయె!

ఇన్‌స్పెక్టరు రాక అనగానే మీకు రాజకోట కథ గుర్తుకు వచ్చే ఉంటుంది. హైస్కూల్లో మొదటి సంవత్సరం చదువుతున్న మోహనదాసు గాంధీ క్లాసుకి జైల్స్ అనే ఇన్‌స్పెక్టరు వచ్చి అయిదు ఇంగ్లీషు మాటలు రాయమన్నాడు. అందులో "కెటిల్" అనే మాటకి ఈ పిల్లవాడు వర్ణక్రమం తప్పు రాశాడు. పంతులుగారు బూటు కొనతో కాలు తట్టి, పక్కవాడి పలక చూసి రాయమని సైగ చేశారు. కాపీ కొట్టకుండా చూడడానికే పంతులుగారు నిలబడ్డారనుకున్న పిల్లవాడికి ఆ సైగ బోధపడనే లేదు. క్లాసంతా ఒప్పు రాసింది, అతనొక్కడే తప్పు. పంతులుగారు తర్వాత మందలించినా ఆయన మీద గౌరవం తగ్గించుకోలేదని గాంధీగారు ఆత్మకథలో రాసుకున్నారు. ఈ కథ చదివినప్పుడల్లా ఆ బూటు కొన నాదేనేమో అనిపిస్తుంది. నేను సైగ కూడా కాదు, పోపు పెడుతూ నోటితోనే చెప్పాను కదా!

ఆ పిల్లవాడు 1887లో మెట్రిక్యులేషను ప్యాసయ్యాడు. నూటికి నలభై కూడా రాలేదు. అతనే పెద్దవాడై దక్షిణాఫ్రికాలో తానే మేష్టారయ్యాడు. 1910లో కాలెన్‌బాక్ అనే మిత్రుడు ఇచ్చిన 1,100 ఎకరాల భూమిలో టాల్‌స్టాయ్ ఫారం ఏర్పాటయింది. గుజరాతీలు, తమిళులు, ఉత్తరాదివాళ్ళతో పాటు మన ఆంధ్రదేశం నుంచి వెళ్ళినవాళ్ళు కూడా అక్కడ ఉండేవారు. అక్కడి పిల్లల చదువులో హృదయ సంస్కారానికే మొదటి పీట వేశానని గాంధీగారు రాసుకున్నారు. పెద్దలు తాము చెయ్యని పనిని పిల్లలకు చెప్పకూడదన్నది అక్కడి నియమం.

ఒకసారి కాలెన్‌బాక్ ఆయన్ని అడిగాడట. "ఇక్కడ అల్లరిచిల్లరి పిల్లలు కొందరున్నారు, మీ అబ్బాయిలను వాళ్ళతో కలిపి ఎలా ఉంచుతున్నారు?" అని. ఇది మనం రోజూ ఇంట్లో అనుకునే మాటే! "వాడితో తిరగకు, వీడికి మార్కులు రావు" అని మనం అనమూ? నా బిడ్డలనీ పరాయి బిడ్డలనీ తేడా ఎలా చూపను, అందరి బాధ్యతా నాదే కదా అన్నది గాంధీగారి ధోరణి. అలా కలిసి పెరగడం వల్ల తన పిల్లలు చెడిపోలేదనీ, తాము గొప్ప అనే భావం ఏమన్నా ఉంటే అది పోయి, అందరితో కలవడం నేర్చుకున్నారనీ ఆయన తర్వాత రాశారు. పెద్దల కన్ను మాత్రం ఎప్పుడూ వాళ్ళ మీద ఉండాలని కూడా అన్నారు. ఆ మాట మరిచిపోకూడదు.

ఇంక మన రాయలసీమకే వద్దాం. 1895లో మదనపల్లెలో ఒక రెవెన్యూ ఉద్యోగి ఇంట ఎనిమిదో సంతానంగా ఒక మగపిల్లవాడు పుట్టాడు. మలేరియాతో తరచూ బడి మానేసేవాడు. పాఠం బుర్రకెక్కేది కాదు. మేష్టారు విసిగి వరండాలోకి పొమ్మని, ఆపైన ఆ సంగతే మరిచిపోయేవారట. సాయంత్రం తమ్ముడు నిత్యానంద వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయేవాడు. తమ్ముడిది చురుకైన బుర్ర. అన్న తెలివి తక్కువవాడని పేరు. కాని ఈ మందమతి పలక, పుస్తకం లేని పేదపిల్లలకు తనవి ఇచ్చేసి వట్టి చేతులతో ఇంటికొచ్చేవాడు. తల్లి మిఠాయి పెడితే తన వంతు తక్కువ తీసుకుని మిగిలింది అన్నదమ్ములకు పంచేవాడు. పదేళ్ళు వచ్చేసరికి ఆ తల్లి కన్నుమూసింది. తర్వాత మద్రాసు బడిలో దెబ్బలు, ఇంకా తర్వాత ఇంగ్లండులో మెట్రిక్యులేషను తప్పడం, అవీ అయ్యాయి.

ఆ పిల్లవాడే జిడ్డు కృష్ణమూర్తి. ఆయన సంకల్పంతో మదనపల్లె దగ్గర రిషివాలీలో ఒక విద్యాలయం వెలిసింది. మద్రాసు గిండీలో నడుస్తున్న బడి 1931లో అక్కడికి తరలివచ్చింది. ఒక బిడ్డను ఇంకో బిడ్డతో పోల్చడమంటే ఇద్దరినీ గాయపరచడమేనని ఆయన జీవితాంతం చెప్పారు. 1978 సెప్టెంబరు నుంచి తన విద్యాలయాలకు వరసగా లేఖలు రాశారు, ఎనభై మూడేళ్ళ వయసులో! వరండాలో నిలబెట్టి మరిచిపోయిన పిల్లవాడు, ఏ పిల్లనీ అలా మరిచిపోవద్దని చెప్పడానికి ఆ వయసులో కలం పట్టాడని నాకు తోస్తుంది.

ఇదంతా విని, "అయితే మార్కులు రాకపోతేనే మహాత్ములవుతారా?" అని మీరు నవ్వుకోవచ్చు. కాదమ్మా. మార్కులు వద్దని నేననను. లెక్కలు రావాలి, భాష రావాలి. కాని పదకొండు, పన్నెండు, పదమూడేళ్ళ వయసుంది చూశారూ, అది పిల్లలు అమ్మ మాట కంటే స్నేహితుల మాటకు ఎక్కువ కుంగిపోయే వయసు. ఎవరిని పక్కన కూచోబెట్టుకోవాలి, ఎవరిని వెలివేయాలి అని నేర్చుకునేది అప్పుడే. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు. రాంకుకో నియమముంది. ఒకళ్ళు వెనక్కి పోతేనే ఇంకొకళ్ళు ముందుకు వస్తారు. మంచితనానికి అలాంటి లెక్క లేదు. క్లాసులో నలభై మందికీ నలభై ఫస్టులు రావచ్చు.

మా ఇంటి ముచ్చట సగంలో ఆపాను కదూ. మర్నాడు ఆదివారం. నేనూ మా అమ్మాయీ నోటు పుస్తకాలన్నీ సంచీలో పెట్టుకుని ఆ పిల్ల ఇంటికి వెళ్ళాం. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. లోపలికి వెళ్ళి కాఫీ కలిపి తెచ్చింది. ఆ కాఫీ నాకు గొంతు దిగలేదు. పక్కగదిలో మాత్రం పిల్లలిద్దరూ నేలమీద బోర్లా పడుకుని పాఠాలు ఎక్కించుకుంటున్నారు. మధ్యలో నవ్వులు కూడా వినిపించాయి. వాళ్ళు మనకంటే తొందరగా మరిచిపోతారు.

మార్కుల పట్టీలో తెలుగుకో గడి, లెక్కలకో గడి ఉంటాయి. "ఈ బిడ్డ ఎవరికి తోడు నిలిచింది?" అనే గడి ఉండదు. దాన్ని నింపవలసింది మనమే. ఈ సాయంత్రం మీ పిల్లలు బడినుంచి వచ్చాక, కాళ్ళు కడుక్కుని పలహారానికి కూచున్నప్పుడు, "ఎన్ని మార్కులొచ్చాయి?" అనే ముందు ఇంకొక మాట అడగండి. "ఇవాళ ఎవరైనా ఒంటరిగా అన్నం తిన్నారా? నువ్వేం చేశావు?" అని. మొదటిరోజు వింతగా చూస్తారు. నాలుగో రోజుకి వాళ్ళే చెప్పడం మొదలుపెడతారు. అప్పుడు పోపు మాడినా సరే, ఒక్కసారి వెనక్కి తిరిగి వినండి.