మూలుగలో దొరికిన ఆనవాలు

లాటిన్ భాషలో లూపస్ అంటే తోడేలు. ముఖం మీది పుండ్లు తోడేలు కరిచినట్టున్నాయని పూర్వపు వైద్యులు పెట్టిన పేరు అది. లోపలి అవయవాలనూ పట్టే జబ్బని తెలిశాక కూడా దాన్ని తేల్చి చెప్పే పరీక్ష చాలాకాలం లేదు.

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్, ఆయన సహచరులు ఎముక మూలుగను సూక్ష్మదర్శినితో చూస్తుంటే ఒక వింత కనబడింది. ఒక తెల్లకణం మరో కణపు కేంద్రకాన్ని మింగి కూర్చుంది! ఎల్.ఇ. కణమన్నారు దాన్ని. శరీరం తన మీద తానే తిరగబడుతోందన్న ఆలోచనకు అది బలమిచ్చింది. ఇప్పుడా పరీక్ష పోయి, రక్తంలో యాంటీబాడీలు చూస్తున్నారు.

మూలుగ అవసరం మాత్రం పోలేదు. లూపస్ రోగికి రక్తకణాలు తగ్గితే తప్పు జబ్బుదా, మందుదా? జబ్బుదైతే స్టెరాయిడ్ల వంటివి పెంచాలి, మందుదైతే దాన్ని ఆపాలి. తేలనప్పుడు మూలుగ తీసి చూడవలసిందే. కీళ్ల బాధకిచ్చే మెథోట్రెక్సేట్‌నే తీసుకోండి. వారానికొక్కసారి వేసుకోవలసినది పొరపాటున రోజూ వేసుకుంటే మూలుగే దెబ్బతింటుంది. ఆ మందు లెడర్లీ ప్రయోగశాలలో మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం చేసినది. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన ఆయన కన్నుమూసింది కూడా ఆ 1948లోనే.